పదకొండు వారాల తీసివేత

ఖజానా శాఖలో 33 ఏళ్లు పనిచేసి విరమించిన నాకు తేదీలు లెక్కగట్టడం చేతికి అలవాటైన పని. పుట్టిన తేదీ, ఉద్యోగంలో చేరిన తేదీ, విరమణ తేదీ వేసుకుని, మధ్యలో జీతం లేని సెలవులు తీసివేసి, మిగిలిన సర్వీసు ఎంతో తేల్చి పింఛను కట్టడంతోనే నా జీవితంలో ఎక్కువ భాగం గడిచింది. అందుకే 2019లో మా మనవరాలు నెలలు నిండకుండా పుట్టినప్పుడు, పిల్లల డాక్టరుగారు "ఈ పాప వయసు చెప్పుకునేటప్పుడు 11 వారాలు తీసివేసి చెప్పుకోండి" అనగానే ఇంట్లో అందరికంటే ముందు నాకే అర్థమయిందనుకున్నాను. ఆ తీసివేత ఎంతవరకు పనికివస్తుందో, ఎక్కడ పనికిరాదో తెలియడానికి మాత్రం నాకు దాదాపు ఏడాది పట్టింది.

మా అమ్మాయి కాపురం ఆదోనిలో. కాన్పు తేదీ నవంబరు 2 అని ముందే చెప్పి ఉన్నారు. ఆగస్టు 15 రాత్రి ఉమ్మనీరు పోయింది. అక్కడ చూసిన డాక్టరమ్మ కాన్పు ఎక్కువ రోజులు ఆగకపోవచ్చునని గ్రహించి, కర్నూలుకు పంపించే ముందే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ సూది వేసి, వేసిన సమయాన్ని చీటీ మీద రాసి, దాని కింద ఎర్ర సిరాతో గీత గీసి మా అల్లుడి చేతికిచ్చింది. ఎమ్మిగనూరు మీదుగా దాదాపు 100 కిలోమీటర్ల దారి. ఆ దారి పొడవునా అల్లుడు చీటీని చొక్కా జేబులోంచి తీసి చూసుకుంటూ వచ్చాడట. కర్నూలులో మిగిలిన మోతాదులు కూడా పూర్తయ్యాక, ఆగస్టు 17 సాయంత్రం, 29 వారాలకు, 1,180 గ్రాముల బరువుతో పాప పుట్టింది.

ఆ సూది విలువ మాకు తరవాత తెలిసింది. న్యూజిలాండులో లిగిన్స్ అనే వైద్యుడు గొర్రెల మీద పరిశోధన చేస్తూ, స్టెరాయిడ్ ఇచ్చిన గొర్రెల కడుపున నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఊపిరితిత్తులు అనుకున్నదానికంటే బాగా పనిచేయడం గమనించి, హోవీ అనే మరో వైద్యుడితో కలిసి దాన్ని గర్భిణులలో పరీక్షించి 1972లో ఫలితాలు ప్రకటించారు. ఆ మందు బిడ్డ ఊపిరితిత్తులను సిద్ధం చేయడంతో ఆగదు, మెదడులో రక్తస్రావం జరిగే ప్రమాదాన్ని కూడా తగ్గిస్తుంది. మన దేశంలో 2014లో కేంద్రప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులు మొదలైన గర్భిణికి పెద్దాసుపత్రికి పంపే ముందే ఊళ్లో ఉండే ఆరోగ్య కార్యకర్త ఏ.ఎన్.ఎం. కూడా మొదటి మోతాదు వేయవచ్చు. కాన్పుకు ముందు కర్నూలులో మా అమ్మాయికి మెగ్నీషియం సల్ఫేట్ కూడా ఎక్కించారు. గర్భిణికి బి.పి. పెరిగి ఫిట్స్ వచ్చినప్పుడు వాడే పాత మందే అది. 32 వారాలలోపు కాన్పు తప్పదన్నప్పుడు తల్లికి దాన్ని ఇస్తే బిడ్డ మెదడుకు కొంత రక్షణగా ఉంటుందని రుజువయింది.

ఆసుపత్రి వరండాలో మా ఆవిడ అందరికీ ధైర్యం చెప్పింది: "ఏడో నెల బిడ్డ దక్కుతుంది, ఎనిమిదో నెల బిడ్డే దక్కదు." ఈ మాట మన సీమలో వినని ఇల్లు ఉండదు. మనది మాత్రమే అనుకున్నానుగాని, ప్రాచీన గ్రీకు వైద్యగ్రంథాలలో ఎనిమిదో నెల బిడ్డల గురించే ప్రత్యేకంగా ఒకటి ఉన్నదని తరవాత తెలిసి ఆశ్చర్యపోయాను. రెండు చోట్లా ఉన్నంతమాత్రాన అది నిజం కాదు. 33 వారాలకు పుట్టిన బిడ్డ 29 వారాలకు పుట్టిన బిడ్డకంటే అన్ని విధాలా మెరుగైన స్థితిలో ఉంటుంది. మనం నెలలలో లెక్కపెట్టుకుంటాముగాని వైద్యులు వారాలలో, ఒక్కొక్కప్పుడు రోజులలో లెక్కపెడతారు. 37 వారాలు నిండకముందు పుట్టిన ప్రతి బిడ్డా నెలలు నిండని బిడ్డే. 32 వారాలలోపు అయితే ఎక్కువ ముందు, 28 వారాలలోపు అయితే మరీ ముందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు కోటీ 34 లక్షలమంది ఇలా పుట్టారు. అంటే పదిమందిలో ఒకరు. వారిలో సుమారు 30 లక్షలమంది మన దేశంలోనే పుట్టారు.

వారాల లెక్క అంత ముఖ్యం కావడానికి కారణం మెదడు. 24 వారాల పిండంలో మెదడు పైభాగం దాదాపు నున్నగా ఉంటుంది. అక్రోటు గింజ మీద ఉండే ముడతల వంటివి చాలావరకు చివరి మూడు నెలల్లోనే పడతాయి. 29 వారాల నుంచి 41 వారాల లోపల మెదడు పైపొరలోని బూడిదరంగు పదార్థం సుమారు నాలుగు రెట్లు పెరుగుతుందని ఎం.ఆర్.ఐ. చిత్రాలతో కొలిచి చెప్పారు. 34 వారాల దగ్గర కూడా మెదడు బరువు, నెలలు నిండిన బిడ్డ మెదడులో 65 శాతం దగ్గరే ఉంటుంది. కాబట్టి మా మనవరాలు పుట్టిననాటికి ఆ నిర్మాణంలో ఎంతో పని మిగిలే ఉంది. అమ్మ కడుపులో, చీకటిలో, గోరువెచ్చని నీటిలో జరగవలసిన ఆ పని, గాజుపెట్టెలో, దీపాల వెలుతురులో, యంత్రాల మోతల మధ్య, రోజుకు పలుమార్లు మడమ మీద సూది గుచ్చించుకుంటూ జరగవలసి వచ్చింది.

మూడో రోజున పాప మాడు మీద చిన్న పరికరం ఆనించి మెదడు స్కాన్ తీశారు. మాడు దగ్గర ఎముక ఇంకా మూసుకోకపోవడం ఈ ఒక్క విషయంలో డాక్టర్లకు మేలు, అది కిటికీలా పనికివస్తుంది. ఎడమవైపు మొదటి గ్రేడు రక్తస్రావం ఉందన్నారు. నాకు కాళ్లు చల్లబడ్డాయి. అప్పుడు వార్డులో ఉన్న కుర్ర డాక్టరు, కె.సి. కాలువ కింద వరి పండించే ఊరివాడట, నన్ను కూర్చోబెట్టి చెప్పిన సంగతి ఇప్పటికీ గుర్తుంది. "మెదడు లోపల నీటి గదులుంటాయి సార్, వాటి గోడ పక్కన ఒక నారుమడి ఉంటుందనుకోండి" అన్నాడు. మెదడు కణాలు ఆ మడిలో పుట్టి, అక్కడినుంచి కదిలి పైపొరలో తమ తమ చోట్లకు చేరి నాటుకుంటాయి. నాట్లు అయిపోయాక మడితో పని ఉండదు కనుక, 34 వారాల ప్రాంతానికి అది దాదాపు కనుమరుగవుతుంది. అంతవరకు దానికి రక్తం అందించే నాళాల గోడలు ఎంత పలుచగా ఉంటాయంటే, బిడ్డ రక్తపోటు ఒక్కసారి పెరిగినా పడిపోయినా అవి చిట్లుతాయి. ఇలాంటి రక్తస్రావాలు ఎక్కువగా మొదటి మూడు రోజుల్లోనే జరుగుతాయి. వాటి తీవ్రతను నాలుగు గ్రేడులుగా చెప్పే పద్ధతి 1978 నుంచి వాడుకలో ఉంది. రక్తం ఆ నారుమడిని దాటకపోతే మొదటిది, నీటి గదిలోకి దిగితే రెండోది, గది ఉబ్బితే మూడోది, పక్కనున్న మెదడు పదార్థం కూడా దెబ్బతింటే నాలుగోది. మొదటి గ్రేడు చాలామంది పిల్లల్లో పెద్ద ఇబ్బంది లేకుండానే సర్దుకుంటుందని విని ఊపిరి పీల్చుకున్నాను.

అదే కుర్ర డాక్టరు ఆ రోజు మరో మాట కూడా చెప్పాడు. నా చెవి అప్పటికే శుభవార్త దగ్గర ఆగిపోయి, దాన్ని పట్టించుకోలేదు. మెదడులో ఒకచోటినుంచి మరొకచోటికి సందేశాలు మోసే పోగులుంటాయి. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు వాటికి మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. ఆ తొడుగును అల్లే కణాలు సుమారు 23 నుంచి 32 వారాల మధ్య ఇంకా పక్వానికి రాని దశలో ఉంటాయి. ఆ దశలో ప్రాణవాయువు తగ్గినా, ఉమ్మనీటిలో ఇన్ఫెక్షన్ చేరి వాపు పుట్టించే రసాయనాలు పెరిగినా అవి తట్టుకోలేవు. కొన్ని చనిపోతాయి, కొన్ని బతికి ఉండికూడా ఎదగక అక్కడే నిలిచిపోతాయి. ఈ దెబ్బ ఒకచోట గుంటలా కాక పలుచగా పరచుకుని ఉంటే మాడు మీదనుంచి తీసే స్కాన్‌లో కనిపించకపోవచ్చు. "స్కాన్ బాగుందని నిశ్చింతగా ఉండకండి, రెండేళ్లవరకు పాపను చూపిస్తూనే ఉండండి" అన్నది అతడి మాట.

పాప ఏడు వారాలు ఆసుపత్రిలో ఉంది. ఊపిరి తీయడం మరచిపోకుండా ఉండేందుకు రోజూ కెఫీన్ ఇస్తున్నారని తెలిసి మా ఆవిడ, పుట్టిన వారానికే పాపకు కాఫీ అలవాటు చేశారని నవ్వింది. ఆ రోజుల్లో మేము నవ్విన ఒకే ఒక్క నవ్వు అది. నవ్వులాటకు అన్నా, ఆ కెఫీన్ అందుకున్న పిల్లల్లో సెరిబ్రల్ పాల్సీ, అంటే పసితనంలో మెదడుకు తగిలిన దెబ్బవల్ల కాళ్లూ చేతుల కదలిక దెబ్బతినడం, తక్కువగా కనిపించిందని 2007లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. రెండో వారం నుంచి కంగారూ సంరక్షణ మొదలుపెట్టారు. ఇంక్యుబేటర్లు చాలక ఇబ్బంది పడుతున్న కొలంబియా దేశపు రాజధాని బొగోటాలో 1978లో మొదలైన పద్ధతి ఇది. బిడ్డకు గుడ్డ, టోపీ మాత్రం తొడిగి, తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం ఆనేట్టు నిలువుగా కట్టి ఉంచుతారు. మా అమ్మాయి అత్తగారు బాలింత అంతసేపు కూర్చుంటే నడుము పోతుందని గొణిగారు. అల్లుడు మాత్రం, మగవాళ్లు కూడా చేయవచ్చునని నర్సమ్మ చెప్పగానే, మొదట సిగ్గుపడి, తరవాత రోజూ మధ్యాహ్నం రెండేసి గంటలు చొక్కా విప్పి పాపను గుండెమీద పెట్టుకుని కూర్చున్నాడు. పత్తి మిల్లులో లోడింగు పని చూసే ఆ మనిషి గుండెమీద, నా అరచేతికంటే కొంచెం పెద్దదైన పాప నిద్రపోవడం నేను చూశాను. అతడు దానితో ఏవేవో చెబుతూ ఉండేవాడు, పత్తి ధర కూడా. ఇంక్యుబేటరు వార్డులో ఉండగా పెద్దల మాటలు ఎక్కువగా విన్న పిల్లలు తరవాతి పరీక్షల్లో భాషలో మెరుగ్గా ఉన్నట్టు కనుగొన్నారని తెలిశాక, పత్తి ధర చెప్పినందుకు అతడిని ఆటపట్టించడం మానుకున్నాను.

కంటి పరీక్ష కూడా వార్డులోనే అయింది. నెలలు నిండని పిల్లల కంటిపొరలో రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరిగే ప్రమాదం ఉంటుంది కనుక, 2,000 గ్రాములలోపు బరువుతోగాని 34 వారాలలోపుగాని పుట్టిన పిల్లలకు 30 రోజులు నిండేలోపు ఆ పరీక్ష జరగాలి. బయటికి కళ్లు చక్కగానే కనిపిస్తాయి కాబట్టి, ఇది తప్పిపోయి చూపు పోయినవారున్నారు.

అక్టోబరు 5న, దసరాకు మూడు రోజుల ముందు, 1,790 గ్రాముల బరువుతో పాప ఇంటికి వచ్చింది. నేను ఒక నోటుపుస్తకం తెరిచి రెండు గడులు గీశాను. మొదటి గడిలో ఆగస్టు 17 నుంచి లెక్క, రెండో గడిలో నవంబరు 2 నుంచి లెక్క. దీన్నే సవరించిన వయసు అంటారు. బోర్లా పడితే భక్ష్యాలు, అడుగులు వేస్తే అరిసెలు చేసే ఇల్లు మాది. భక్ష్యాలు ఎప్పుడని అడిగినవారికల్లా నేను రెండో గడి చూపించేవాడిని. ఆరో నెల వచ్చినా మెడ సరిగా నిలపలేదని ఇరుగమ్మ అంటే, "ఆరు కాదు, మూడున్నర" అని సరిదిద్దేవాడిని. ఇందులో నా తప్పేమీ లేదు. రెండేళ్లవరకు నెలలు నిండని బిడ్డ ఎదుగుదలను ఆ లెక్కతోనే చూడాలి. లేకపోతే కన్నతల్లి ఏ తప్పూ లేకుండా ప్రతి పేరంటంలో తలదించుకోవలసి వస్తుంది.

తప్పు 2020 మేలో జరిగింది. కరోనావల్ల కర్నూలులో చాలా వీధులు కట్టడి ప్రాంతాలుగా ఉన్న రోజులు. అమ్మాయి, పాప మా ఇంట్లోనే ఉన్నారు. పాపకు ఆముదం రాసి, కాళ్లమీద పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తూ మా ఆవిడ నన్ను పిలిచింది. "పాప కాళ్లు విడదీయబోతే కట్టెల మాదిరి బిగుసుకుంటాండాయి. లంగోటా కట్టనీదు. మనమ్మాయికి ఇట్ల లేదు" అంది. నేను నోటుపుస్తకం తెచ్చి చూపించాను. రెండో గడిలో ఆరున్నర నెలలే ఉంది. "ఇంకా చిన్నది, సర్దుకుంటుంది" అన్నాను. ఆమె మారుమాటాడలేదు. ముప్పై ఏళ్లుగా లెక్కల విషయంలో నాకు ఎదురు చెప్పని అలవాటు ఆమెది, ఆ అలవాటు చేసింది కూడా నేనే.

ఆగస్టులో మొదటి పుట్టినరోజు వచ్చింది. సవరించిన లెక్కలో తొమ్మిదిన్నర నెలలు. పాప ఇంకా ఆసరా లేకుండా కూర్చోవడంలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం ఆసరా లేకుండా కూర్చోవడం, ఎంత ఆలస్యమైనా 9.2 నెలలకల్లా దాదాపు పిల్లలందరికీ వస్తుంది. నా రెండో గడి కూడా దాటిపోయిందన్నమాట. అప్పుడు వీడియోలో డాక్టరుగారికి చూపించాము. నిలబెడితే పాప మునివేళ్లమీద నిలుస్తోంది, కాళ్లు కత్తెరలా ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. ఆయన ఎక్కువ మాట్లాడలేదు. "11 వారాలు తీసివేస్తే ఆలస్యానికి సమాధానం దొరుకుతుందిగాని, బిగువుకు దొరకదండీ" అన్నారు. ఏడాది నిండకముందే ఎప్పుడూ ఒకే చేయి వాడటం, పిడికిలి విప్పకపోవడం, కాళ్లు బిగదీసుకోవడం, ఒళ్లు మరీ వదులుగా ఉండటం, సవరించిన లెక్కలో మూడు నెలలకు కూడా మనిషిని చూసి నవ్వకపోవడం, వీటిలో ఏది కనిపించినా తీసివేతల జోలికి పోకుండా వెంటనే తీసుకురావాలన్నారు. సవరించిన వయసు 3 నుంచి 5 నెలల మధ్య బిడ్డ వెల్లకిలా పడుకుని ఆడుతున్నప్పుడు కాళ్లు, చేతులు, మెడలో నిరంతరం కనిపించే చిరు కదలికలను ఫోనులో తీసిన వీడియోతోనే నిపుణులు పరిశీలించి, అవి లేకపోతే ముందుగానే పసిగట్టగలరని కూడా అప్పుడే తెలిసింది. సెరిబ్రల్ పాల్సీని సవరించిన ఆరు నెలలలోపే గుర్తించవచ్చునని 2017లోనే వైద్యపత్రికల్లో వచ్చింది. మే నుంచి ఆగస్టు వరకు మూడు నెలలు నా నోటుపుస్తకం మింగేసింది.

పాపది సెరిబ్రల్ పాల్సీయేనని, అందులో రెండు కాళ్లలో ఎక్కువగా, చేతుల్లో స్వల్పంగా బిగువు ఉండే రకమని అన్నారు. నెలలు నిండకుండా పుట్టడానికి, ఇలాంటి కాళ్ల బిగువుకు సంబంధం ఉందని లండనులో విలియం జాన్ లిటిల్ అనే వైద్యుడు 1861లోనే చెప్పాడు. కాళ్లకే ఎందుకన్న ప్రశ్నకు జవాబు మళ్లీ ఆ నీటి గదుల దగ్గరే ఉంది. మెదడు పైభాగం నుంచి కాళ్లకు ఆదేశాలు తీసుకువెళ్లే పోగులు ఆ గదుల గోడకు అన్నిటికంటే దగ్గరగా దిగుతాయి, ముఖానికీ చేతులకూ వెళ్లేవి కొంచెం ఎడంగా దిగుతాయి. దెబ్బ తగిలేది గోడ పక్కన కనుక మొదట కాళ్లే నష్టపోతాయి. 32 వారాలలోపు పుట్టిన పిల్లల్లో సుమారుగా వందకు ఐదు నుంచి పదిమందికి సెరిబ్రల్ పాల్సీ వస్తుంది. మిగిలిన తొంభైమందికి రాదన్న సంగతి కూడా ఇది చదివే తల్లిదండ్రులకు తెలియాలి.

ఫిజియోథెరపీ మొదలైంది. మొదట వీడియోలో, తరవాత కేంద్రానికి వెళ్లి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో ఇలాంటి పిల్లలకోసం ప్రత్యేక కేంద్రాలుంటాయి, అక్కడ సేవలు ఉచితం. కేంద్రంలో గడిచే గంటకంటే ఇంట్లో గడిచే పది గంటలు ఎక్కువ పనిచేస్తాయని అక్కడి అమ్మాయి మొదటి రోజే చెప్పింది. మెత్తని పరుపు తీసి నేలమీద చాప పరిచాము. బంధువులు ప్రేమతో తెచ్చిన చక్రాల నడకబండిని, మునివేళ్లమీద నడిచే అలవాటు ముదురుతుందని అటక మీద పెట్టాము. ఆ బంధువులు నొచ్చుకున్నారు, ఇప్పటికీ కొంత ఉంది. సవరించిన 11 నెలలకు పాప కూర్చుంది. 2022 ఉగాదికి, గోడ వదిలి, వంటింటి గడపదాకా ఏడు అడుగులు వేసింది. ఆ రోజు భక్ష్యాల పక్కన అరిసెలు కూడా చేశారు.

ఇప్పుడు పాప ఒకటో తరగతి. మాటలకు కొదవలేదు, కథ ఒకసారి వింటే తిరిగి చెబుతుంది. బోర్డు మీద ఉన్నది పుస్తకంలోకి దించుకోవడం, అంకెలను ఒకదాని కింద ఒకటి సరిగా వేయడం, తరగతిలో గోల మధ్య ఒకే పని మీద నిలవడం మాత్రం దానికి కష్టంగా ఉన్నాయి. ఎక్కువ ముందు పుట్టిన పిల్లల్లో ధ్యాస నిలపడం, లెక్కలు, చూసినదాన్ని చేతితో దించడం, ఈ మూడింటిలో ఇబ్బంది ఎక్కువగా కనిపిస్తుందని తెలిసి ఉండటంవల్ల టీచరమ్మకు ముందే చెప్పాము. ఆమె దాన్ని ముందు వరుసలో కూర్చోబెట్టి, గళ్ల పుస్తకం వాడిస్తున్నారు. ఇలాంటి పిల్లల తెలివితేటల పరీక్షల సగటు, నెలలు నిండిన పిల్లలకంటే పది పన్నెండు పాయింట్లు తక్కువ ఉంటుందని అధ్యయనాలు చెబుతాయి. సగటు అన్నది నాకు బాగా తెలిసిన వస్తువు. దానితో బడ్జెటు వేయవచ్చుగాని ఫలానా గుమాస్తా జీతం ఎంతో చెప్పలేము.

ఇంత రాశాక మరొక్క విషయం దాచుకోలేను. మా వీధిలోనే ఈ మధ్య, తల్లీబిడ్డా ఆరోగ్యంగా ఉండగా, మంచి నక్షత్రం ఉందని 36 వారాలకే ఆపరేషను చేయించమని డాక్టరమ్మను వేధించినవారున్నారు. వైద్యకారణం లేకుండా 39 వారాలకు ముందు కాన్పు చేయకూడదన్నది వైద్యుల నియమం. ఆ చివరి మూడు వారాల్లో కూడా మెదడు పోగులకు తొడుగులు వేసుకుంటూ, ముడతలు పెంచుకుంటూ ఉంటుంది. చివరి వారాల్లో పుట్టిన పిల్లలు మా పాపలాగా వార్డులో ఉండరు కనుక తేడా కంటికి కనిపించదు, అయినా బడికి వెళ్లే వయసులో చదువు వెనకబాటు వీరిలో కూడా నెలలు నిండినవారికంటే కొంత ఎక్కువగానే ఉంటుంది. నక్షత్రం చూసేవారు ఒకసారి నా నోటుపుస్తకం చూసిపోతే బాగుండును.

రెండేళ్లు దాటాక నోటుపుస్తకంలో రెండో గడి రాయడం మానేశాను. దాని పక్కన మూడో గడి మాత్రం 2020 ఆగస్టునుంచి ఉంది. అందులో నా లెక్కలేవీ ఉండవు, నీళ్లు పోసేటప్పుడు, జడ వేసేటప్పుడు, చెప్పులు తొడిగేటప్పుడు మా ఆవిడ చేతికి తెలిసినవి ఆమె చెప్పినట్టే రాస్తాను. మొన్న రాసినది ఇది: "చలి మొదలైనాక పొద్దున పూట ఎడమ మడమ నేలకు ఆనడంలేదు, ఎండెక్కినాక ఆనుతుంది. పాత బూటు బొటనవేలు దగ్గర ఒరుస్తోంది." శుక్రవారం కొత్త బూట్లకు కొలతలివ్వడానికి వెళ్లినప్పుడు ఇది చదివి వినిపించాలి.